తెరకు ఇవతల ఉపాధ్యాయుడు

గడచిన కొన్నేళ్లలో తెలుగు రాష్ట్రాల ప్రభుత్వ పాఠశాలలకు చేరినన్ని తెరలు అంతకుముందు ఏ కాలంలోనూ చేరలేదు. 2022 డిసెంబరు 21న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిదో తరగతి విద్యార్థులకు సుమారు 4.6 లక్షల ట్యాబ్‌లు, వారికి పాఠాలు చెప్పే ఉపాధ్యాయులకు 59 వేలకు పైగా ట్యాబ్‌లు పంచే కార్యక్రమాన్ని ప్రారంభించింది. ఆ మరుసటి ఏడాది ఉన్నత పాఠశాలల తరగతి గదుల్లో 30 వేలకు పైగా ఇంటరాక్టివ్ ఫ్లాట్ ప్యానెళ్లు, అంటే వేలితో తాకితే స్పందించే పెద్ద తెరలు, గోడలకెక్కాయి. తెలంగాణలో ఉపగ్రహ ప్రసారాల మీద నడిచే టీ-శాట్ పాఠాలు ఫోన్‌లలోకి కూడా వచ్చాయి. పరికరాలు ఎన్ని కొన్నారో, వాటికి ఎన్ని కోట్లు ఖర్చయ్యాయో చెప్పే లెక్కలు శాసనసభలోనూ పత్రికల్లోనూ వినిపిస్తూనే ఉన్నాయి గాని, వాటిని పాఠంలోకి తెచ్చుకోవలసిన ఉపాధ్యాయుడికి ఏ సహాయం, ఎవరి నుంచి, ఎంతకాలం అందిందన్న లెక్కను అడిగినవారు తక్కువ, చెప్పినవారు అంతకన్నా తక్కువ.

పాఠాలు, అభ్యాసాలు, పరీక్షలు, చర్చలు అన్నీ ఒకేచోట ఉండి, ఏ విద్యార్థి ఏ పని ఎంతవరకు చేశాడో నమోదు చేసి ఉపాధ్యాయుడికి చూపించే కంప్యూటర్ ఏర్పాటును వర్చువల్ అభ్యసన వేదిక అంటారు. ఆస్ట్రేలియాకు చెందిన మార్టిన్ డూగియామస్ రూపొందించగా 2002లో వెలువడిన మూడుల్, 2014లో వచ్చిన గూగుల్ క్లాస్‌రూమ్ ఈ కోవలో బాగా పేరున్నవి. 2017 సెప్టెంబరు 5న నాటి ఉపరాష్ట్రపతి ఎం. వెంకయ్యనాయుడు ప్రారంభించిన దీక్షా వేదిక మన దేశంలో పాఠశాల విద్యకు ఉద్దేశించినది. పాఠ్యపుస్తకాల్లో పాఠం పక్కన కనిపించే క్యూఆర్ కోడ్‌ను ఫోన్‌తో స్కాన్ చేస్తే తెరుచుకునేది అదే. వీడియో పాఠానికీ ఇలాంటి వేదికకూ తేడా ఏమిటంటే, వీడియో ఉపాధ్యాయుడి మాటను విద్యార్థి దగ్గరకు చేరవేసి ఊరుకుంటుంది, వేదిక విద్యార్థి చేసిన పనిని తిరిగి ఉపాధ్యాయుడి దగ్గరకు తెస్తుంది. ఆ తిరుగు ప్రయాణాన్ని వాడుకోని చోట ఎంత ఖరీదైన వేదిక అయినా టీవీతో సమానమే. తెలుగు రాష్ట్రాల్లో ఇప్పటిదాకా జరిగినదానిలో ఎక్కువ భాగం టీవీయేనన్నది కఠినంగా వినిపించినా కాదనలేని మాట.

యాభై ఏళ్ల పాఠం

ఈ కథకు కరోనా కాలం మొదలు కాదు. 1975 ఆగస్టు నుంచి 1976 జులై వరకు ఏడాదిపాటు అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 సాయంతో ఇస్రో నడిపిన సైట్ ప్రయోగం దేశంలో ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 గ్రామాలకు టెలివిజన్‌ను చేర్చింది. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి కాగా, ప్రసార భాషల్లో తెలుగు ఒకటి. పల్లెబడుల పిల్లలకు పొద్దుటిపూట కార్యక్రమాలు వచ్చేవన్న సంగతి చాలామందికి గుర్తుంది గాని, అదే ప్రయోగంలో ప్రాథమిక పాఠశాలల ఉపాధ్యాయులకు విజ్ఞానశాస్త్ర బోధనపై 12 రోజుల చొప్పున రెండు విడతల శిక్షణ జరిగిందని, రెండింటిలో కలిపి సుమారు 48 వేల మంది పాల్గొన్నారని తెలిసినవారు అరుదు. ఆ శిక్షణలో టీవీ ఒక్కటే లేదు. చూసినదానిని చేతులతో చేసి చూడడానికి ప్రయోగాలు, చదువుకోవడానికి అచ్చు పుస్తకం, రేడియో, అన్నిటికీ మించి ప్రతి కేంద్రంలో చర్చ నడిపే ఒక మనిషి ఉండేలా దానిని కూర్చారు. తెర ముందు ఉపాధ్యాయుణ్ని ఒంటరిగా కూర్చోబెడితే ఫలితం ఉండదన్న గ్రహింపు యాభై ఏళ్ల కిందటే ఉందన్నమాట.

1982లో మొదలై, ఇప్పుడు డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంగా హైదరాబాద్‌లో ఉన్న ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం దేశంలో ఆ తరహా విశ్వవిద్యాలయాల్లో మొదటిది. దాని తొలి ఉపకులపతి, తరవాత ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయానికి కూడా తొలి ఉపకులపతి అయిన ఆచార్య జి. రామిరెడ్డి దూరవిద్యను పోస్టులో పుస్తకాలు పంపే వ్యవహారంగా వదిలేయకుండా, ఊళ్లలోని కళాశాలల్లో అధ్యయన కేంద్రాలు పెట్టించి, సెలవు రోజుల్లో అక్కడ కౌన్సెలర్ ఎదుట కూర్చొని సందేహాలు తీర్చుకునే ఏర్పాటును విశ్వవిద్యాలయ నిర్మాణంలోనే భాగం చేశారు. చదువుకునేవాడు దూరంగా ఉన్నంత మాత్రాన ఆసరా దూరంగా ఉండనక్కరలేదన్నది ఆ ఏర్పాటు వెనుక ఆలోచన. ఉపాధ్యాయుడు తానే విద్యార్థి అయినప్పుడు, అంటే కొత్త పనిముట్టును నేర్చుకునే దశలో ఉన్నప్పుడు, ఈ ఆలోచన అతనికి కూడా వర్తించాలి.

ఇంకొంచెం దగ్గరి ఉదాహరణ ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం. పాత ఉపాధ్యాయులు అపెప్ అని పిలుచుకునే ఈ పథకం బ్రిటన్ సహాయంతో 1980ల మధ్యలో చిన్నగా మొదలై, 1990లలో రాష్ట్రమంతటా విస్తరించింది. ఉపాధ్యాయుడే కృత్యాలు తయారుచేయడం, పిల్లలు చేసి నేర్చుకోవడం, పిల్లవాడికీ పిల్లవాడికీ ఉన్న తేడాలను లెక్కలోకి తీసుకోవడం, చుట్టుపక్కల పరిసరాలను పాఠానికి వాడుకోవడం, పిల్లల పనిని గదిలో ప్రదర్శించడం వంటి ఆరు సూత్రాలను అది ఉపాధ్యాయుల ముందు పెట్టింది. శిక్షణ తరగతి ముగియగానే ఎవరి దారిన వారిని పంపకుండా, కొన్ని పాఠశాలలకొక ఉపాధ్యాయ కేంద్రం చొప్పున పెట్టి, ఏడాది పొడవునా మధ్యమధ్య అక్కడ కలుసుకొని ఎవరి తరగతిలో ఏం కుదిరిందో, ఏం కుదరలేదో చెప్పుకొనే వీలు కల్పించడం దానిలోని విశేషం. విదేశీ నిధులు ఆగాక ఆ కేంద్రాల ఊపు తగ్గినా, నేడు రెండు రాష్ట్రాల్లో జరుగుతున్న స్కూల్ కాంప్లెక్స్ సమావేశాలకు ఆ అలవాటు చాలా దగ్గరి చుట్టం.

2004 సెప్టెంబరు 20న శ్రీహరికోట నుంచి నింగికెగిసిన ఎడ్యుశాట్, ఉమ్మడి రాష్ట్రపు మన టీవీ, 2017లో దాని నుంచి రూపుదిద్దుకున్న టీ-శాట్ ఇదే పరంపరలోవి. ప్రతి తరంలోనూ కొత్త సాధనం వచ్చినప్పుడు ఆశలు ఆకాశాన్నంటడం, నాలుగేళ్లకు అది మూలనపడడం, నింద ఉపాధ్యాయుడి మీదికి పోవడం ఒక్క మన దగ్గరే జరిగిన సంగతి కాదు. అమెరికా విద్యా చరిత్రకారుడు లారీ క్యూబన్ 1986లో ప్రచురించిన ‘టీచర్స్ అండ్ మెషీన్స్’ గ్రంథంలో 1920ల నుంచి సినిమా, రేడియో, టెలివిజన్ వరసగా బడిలోకి వచ్చి ఇలాగే వెనక్కి తగ్గిన తీరును వివరించి, ఉపాధ్యాయులు కొత్తదనానికి శత్రువులు కారని, కిక్కిరిసిన గది, గంట కొట్టే సమయం, ముగించవలసిన సిలబస్ అనే హద్దుల నడుమ తమకు పనికొచ్చేదానిని ఎంచుకుంటారని వాదించాడు. నల్లబల్ల ఇన్ని తరాలు నిలిచింది ఉపాధ్యాయుడు ఓటీపీ కోసం ఎదురుచూడకుండా దాని మీద రాయగలడు కాబట్టే.

సర్టిఫికెట్ల కాలం

2020 మార్చిలో బడులు మూతపడ్డాక వేదికల వాడకం ఒక్కసారిగా తప్పనిసరి అయింది. ఆంధ్రప్రదేశ్‌లో దూరదర్శన్ సప్తగిరి, తెలంగాణలో అదే ఏడాది సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ పాఠాలు ప్రసారం చేయగా, ఉపాధ్యాయులు వాట్సాప్ గ్రూపులు పెట్టి, వర్క్‌షీట్లు పంపి, ఫోన్ లేని ఇళ్లకు స్వయంగా వెళ్లి చదువు తెగిపోకుండా చూడడానికి తంటాలు పడ్డారు. ఆ రోజుల్లో ఉపాధ్యాయులు ఎవరూ నేర్పకుండానే చాలా నేర్చుకున్నారు. ఫోన్‌ను ఇటుకల మీద నిలబెట్టి పాఠం రికార్డు చేయడం, పెద్ద వీడియోను ముక్కలు చేసి పంపడం, జవాబు పత్రాల ఫొటోల మీద వేలితో ఎర్రగీతలు గీసి తిప్పి పంపడం అప్పుడు అబ్బిన విద్యలే. ఈ సొంత తెలివితేటలను పోగుచేసి పదిమందికి పంచే ప్రయత్నం తరవాతి శిక్షణల్లో దాదాపుగా కనిపించదు. కొత్త శిక్షణ వచ్చిన ప్రతిసారీ ఉపాధ్యాయుడికి ఏమీ తెలియదన్న అంచనాతోనే మొదలవుతుంది.

శిక్షణ కూడా అప్పుడే తెర మీదికి మారింది. 42 లక్షల మంది ప్రాథమిక, ప్రాథమికోన్నత స్థాయి ఉపాధ్యాయులకు ఉద్దేశించి 2019 ఆగస్టులో ముఖాముఖి తరగతులుగా మొదలైన నిష్ఠ కార్యక్రమం కరోనా వల్ల ఆన్‌లైన్ బాట పట్టగా, ఆ పద్ధతిలో దేశంలోనే తొలి విడత 2020 జులై 16న ఆంధ్రప్రదేశ్‌కు చెందిన 1,200 మంది కీలక రిసోర్స్ పర్సన్లతో ప్రారంభమైంది. ఆ అక్టోబరు నుంచి 18 మాడ్యూళ్ల కోర్సు దీక్షా వేదిక మీద దేశవ్యాప్తంగా నడిచింది. ఇంత పెద్ద సంఖ్యలో ఉపాధ్యాయులకు, అందులోనూ సొంత భాషలో, ఒకే సమయంలో ఒకే కోర్సును అందించడం చిన్న పని కాదు, దానిని తేలిక చేయడం అన్యాయం. మారుమూల ఏజెన్సీ గ్రామంలోని సెకండరీ గ్రేడ్ టీచర్‌కు, నగరంలోని స్కూల్ అసిస్టెంట్‌కు ఒకే నాణ్యత గల పాఠం చేరింది. ఒకరు విని మరొకరికి, ఆ మరొకరు ఇంకొకరికి చెప్పుకుంటూ పోయే అంచెల శిక్షణలో చివరి అంచెకు చేరేసరికి విషయం పలచబడిపోయే పాత ఇబ్బంది ఇందులో లేదు.

అయితే వేదిక దేనిని కొలుస్తుందో నేర్చుకునేవారు దానినే ఇస్తారు. ఎంతమంది చేరారు, ఎంతమంది పూర్తిచేశారు, ఎన్ని సర్టిఫికెట్లు వచ్చాయన్నవి జిల్లాలవారీగా పట్టికలకెక్కి, వెనకబడిన మండలాల విద్యాధికారులకు ఫోన్లు వెళ్లడం మొదలయ్యాక, కోర్సు చదువు నుంచి టార్గెట్‌గా మారింది. చివరి పరీక్షలో 70 శాతం వస్తే సర్టిఫికెట్ వచ్చే కోర్సులకు జవాబుల జాబితాలు ఉపాధ్యాయ గ్రూపుల్లో కోర్సు లింకు కన్నా ముందే తిరిగాయంటే దాన్ని ఉపాధ్యాయుల నిజాయతీ సమస్యగా చూసి పెదవి విరిచినంత మాత్రాన ప్రయోజనం లేదు. పగలంతా తరగతులు, మధ్యాహ్న భోజనం లెక్కలు, మరుగుదొడ్ల ఫొటోలు, 2022 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన ముఖ గుర్తింపు హాజరు వంటివన్నీ సొంత ఫోన్‌లోనే చేయవలసి వచ్చిన మనిషి, రాత్రి వంట ముగించి పిల్లలను పడుకోబెట్టాక అదే ఫోన్‌లో మాడ్యూల్ తెరిస్తే చేతిలో ఉన్నది చదువుకునే సాధనమన్న భావన కలగడం కష్టం. ముఖ గుర్తింపు యాప్‌ను సొంత ఫోన్‌లలో వేసుకోబోమని ఉపాధ్యాయ సంఘాలు అభ్యంతరం చెప్పినప్పుడు, దానిని సాంకేతికత పట్ల వ్యతిరేకతగా చూపిన వ్యాఖ్యలు అసలు విషయాన్ని దాటవేశాయి. పర్యవేక్షణ, బోధన రెండూ ఒకే పరికరం మీద, ఒకే స్వరంతో పలకడం మొదలుపెట్టాక మొదటిది రెండోదానిని మింగేస్తుంది.

బ్రిటన్‌లో ఆన్‌లైన్ బోధనపై పనిచేసిన గిల్లీ సామన్ 2000లో వివరించిన అయిదు మెట్ల నమూనాతో ఈ పరిస్థితిని పోల్చి చూడవచ్చు. వేదికలోకి ప్రవేశించి ధైర్యం తెచ్చుకోవడం మొదటి మెట్టు కాగా, తోటివారితో పరిచయం పెంచుకోవడం రెండోది, సమాచారం ఇచ్చిపుచ్చుకోవడం మూడోది, కలిసి కొత్త అవగాహన నిర్మించుకోవడం నాలుగోది, సొంతంగా ఆలోచించి వేదికను తన అవసరాలకు మలచుకోవడం అయిదోది. ఒక్కో మెట్టు దగ్గర అవసరమయ్యే సాయం వేరువేరుగా ఉంటుందని, మొదట సాంకేతిక సాయం ఎక్కువగా, పోనుపోను చర్చ నడిపే మనిషి సాయం ఎక్కువగా కావాలని ఆమె చెప్పింది. మన శిక్షణల్లో లాగిన్ ఎలా కావాలో, ఏ బటన్ ఎక్కడుందో చెప్పే మొదటి మెట్టు దగ్గర జనం కిక్కిరిసి ఉంటారు; రెండో మెట్టును వదిలేసి నేరుగా మూడోదానికి, అంటే వీడియోలు, పీడీఎఫ్‌లు చూడడానికి, దూకిస్తారు; నాలుగో మెట్టు దగ్గర ఎవరూ ఉండరు.

దశాంశ బిందువు దగ్గర

వేదికను సరిగా వాడడమంటే ఏమిటో తేలాలంటే ఒక్క పాఠాన్ని దగ్గరగా చూడాలి. ఆరు, ఏడు తరగతుల గణితంలో దశాంశ భిన్నాలను పోల్చడం వస్తుంది. ఉపాధ్యాయుడు వేదికలో ‘0.6, 0.45, 0.125లలో పెద్దది ఏది’ అన్న బహుళైచ్ఛిక ప్రశ్న పెట్టాడనుకుందాం. దశాంశ బిందువు తరవాత ఎక్కువ అంకెలుంటే పెద్ద సంఖ్య అనుకునే పిల్లలు 0.125ను ఎంచుకుంటారు, తరగతిలో 0.45ను ‘పాయింట్ నలభై అయిదు’ అని, 0.125ను ‘పాయింట్ నూట ఇరవై అయిదు’ అని చదివే అలవాటు ఈ పొరపాటును పెంచి పోషిస్తుంది. రూపాయలు, పైసలతో దశాంశాలు చెప్పే మన పాత పద్ధతి రెండు స్థానాల దాకా చక్కగా పనిచేసి, మూడో స్థానం రాగానే చేతులెత్తేస్తుంది, ఎందుకంటే పైసాలో పదోవంతును ఎవరూ చూసి ఉండరు.

అసలు చిక్కు 0.6 అని సరైన జవాబు ఇచ్చిన పిల్లల దగ్గర ఉంది. వారిలో కొందరు పదోవంతుల స్థానాన్ని పోల్చి ఆ జవాబుకు వచ్చి ఉంటారు. మరికొందరు అంకెలు ఎంత తక్కువైతే సంఖ్య అంత పెద్దదన్న తలకిందుల నియమంతో అక్కడికే చేరి ఉంటారు. వేదిక ఇద్దరికీ పచ్చటి టిక్కు పెట్టి మార్కు ఇస్తుంది. ‘0.3, 0.48లలో ఏది పెద్దది’ అన్న రెండో ప్రశ్న పక్కన ఉంటే రెండో రకం పిల్లలు 0.3 దగ్గర దొరికిపోతారు. రెండు ప్రశ్నల జవాబులను పక్కపక్కన పెట్టి చదివితే ఎవరికి స్థాన విలువ అర్థమైందో, ఎవరు ఏ పొరపాటు నియమంతో నడుస్తున్నారో పది నిమిషాల్లో తేలుతుంది. నలభై నోటు పుస్తకాలు ముందేసుకొని ఈ విషయం కనిపెట్టడానికి ఒక సాయంత్రం పడుతుంది. వర్చువల్ వేదిక ఉపాధ్యాయుడికి నిజంగా మిగిల్చేది ఈ సాయంత్రాన్నే, అదీ తప్పు ఐచ్ఛికాలను ఆలోచించి పెట్టినప్పుడు, జవాబుల నివేదికను తెరిచి చదివినప్పుడు మాత్రమే.

ఇక్కడ ఉపాధ్యాయుడికి కావలసినవి మూడు రకాల తెలివిడులు. దశాంశ భిన్నాలు తెలియడం విషయ జ్ఞానం; పిల్లలు వాటి దగ్గర ఎలా పొరబడతారో, ఆ పొరపాటును ఎలా సరిచేయాలో తెలియడాన్ని లీ షుల్మన్ 1986లో విషయ బోధనా జ్ఞానమని విడదీసి చూపాడు; దానికి వేదికలో ఏ ప్రశ్న రూపం, ఏ నివేదిక అక్కరకొస్తుందో తెలియడాన్ని కూడా కలిపి 2006లో పుణ్య మిశ్రా, మాథ్యూ కోలర్ టీప్యాక్ అనే చట్రాన్ని ప్రతిపాదించారు. మూడూ కలిసిన చోటే బోధన మెరుగవుతుందన్నది వారి వాదన. ఉపాధ్యాయులందరినీ ఒకే హాలులో కూర్చోబెట్టి మూడోదాన్ని విడిగా, ఏ సబ్జెక్టుతోనూ ముడిపెట్టకుండా నేర్పే శిక్షణలు ఎందుకు నిలవవో దీన్నిబట్టి అర్థమవుతుంది. తెలుగు పద్యం చెప్పే ఉపాధ్యాయుడికి రాగయుక్తంగా చదివిన శబ్దాన్ని పిల్లల చేత రికార్డు చేయించి వినే వీలు కావాలి, భౌతికశాస్త్రం చెప్పేవారికి అనుకరణ ప్రయోగాలు కావాలి. క్విజ్ తయారీ పాఠం ఇద్దరికీ ఒకేలా చెప్పి పంపితే ఇద్దరికీ సగమే ఉపయోగం.

సాంకేతికంగా చిన్నవిగా కనిపించే అడ్డంకులు మరికొన్ని ఉన్నాయి. తెలుగు మాధ్యమంలో పనిచేసే ఉపాధ్యాయుల దగ్గర ఏళ్ల తరబడి కూడబెట్టిన ప్రశ్నపత్రాలు చాలావరకు డీటీపీ సెంటర్లలో అను ఫాంట్లలో పేజ్‌మేకర్ మీద కొట్టించినవే. ఆ ఫాంట్లలో తెలుగు అక్షరం ఇంగ్లిష్ అక్షరపు స్థానంలో దాగి ఉంటుంది కాబట్టి, దాన్ని వేదికలో అతికించగానే అర్థంలేని రోమన్ గుర్తుల కుప్ప కనిపిస్తుంది. ప్రపంచంలోని లిపులన్నిటికీ కంప్యూటర్లు ఉమ్మడిగా గుర్తించే సంఖ్యలు కేటాయించిన యూనికోడ్‌లోకి మార్చితే తప్ప అది తెలుగుగా తెరుచుకోదు. మార్పిడి చేసే సాధనాలు ఉన్నాయి, అవి ఒత్తులు, పొల్లుల దగ్గర తడబడతాయి, ఎవరో ఒకరు కూర్చొని సరిదిద్దాలి. ఈ సంగతి ముందే చెప్పేవారు లేక, పాత ప్రశ్నలన్నీ మళ్లీ టైపు చేయాలేమోనని భయపడి వేదికను వదిలేసినవారిని సాంకేతికతకు దూరంగా ఉన్నవారి ఖాతాలో వేయడం సరికాదు. మండలానికొకరైనా ఈ పని తెలిసినవారుంటే ఇరవై ఏళ్ల ప్రశ్నల నిధి పిల్లల ముందుకు వస్తుంది.

పక్కన కూర్చొనే మనిషి

శిక్షణ తరగతి గదిలోకి ఎందుకు ప్రవేశించదన్న ప్రశ్నపై అమెరికాలో బ్రూస్ జాయిస్, బెవర్లీ షవర్స్ 1980ల నుంచి చేసిన పని ఉపాధ్యాయ విద్యలో బాగా పేరున్నది. సిద్ధాంతం చెప్పడం, చేసి చూపించడం, శిక్షణలో అభ్యాసం చేయించడం, తప్పొప్పులు చెప్పడం అన్నీ జరిగినా కూడా, తరగతి గదిలో కొత్త పద్ధతి స్థిరపడేది తోటి ఉపాధ్యాయుడు పక్కనుండి చూసి, మాట్లాడి, తోడుగా నిలిచినప్పుడేనని వారు తేల్చారు. ఈ తోడ్పాటును వారు కోచింగ్ అన్నారు. మన వాడుకలో ఆ మాటకు ఎంసెట్ కోచింగ్ అర్థం స్థిరపడిపోయింది కాబట్టి తోడు అనడమే మేలు.

అలాంటి తోడును తెలుగు నేల మీద ప్రయత్నించిన ఉదాహరణ ఒకటుంది. టాటా సామాజిక విజ్ఞాన సంస్థ, అమెరికాలోని ఎంఐటీ, టాటా ట్రస్టులు కలిసి నడిపిన క్లిక్స్ కార్యక్రమం 2015 నుంచి తెలంగాణతో పాటు రాజస్థాన్, ఛత్తీస్‌గఢ్, మిజోరం రాష్ట్రాల ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో గణితం, విజ్ఞానశాస్త్రం, ఇంగ్లిష్ మాడ్యూళ్లను ప్రవేశపెట్టింది. ఇంటర్నెట్ ఉంటుందో ఉండదో తెలియని కంప్యూటర్ ల్యాబ్‌లలో పాఠశాలలోనే పెట్టిన సర్వర్ మీద వేదిక నడిచేలా చేయడం దానిలోని మొదటి తెలివైన నిర్ణయం. పాఠం మొత్తం బడి నాలుగు గోడల మధ్య కేబుళ్ల మీద తిరుగుతుంది, బయటి నెట్ పోయినా ఆగదు. ఉపాధ్యాయులు సబ్జెక్టులవారీగా టెలిగ్రామ్ గ్రూపుల్లో కలిసి తమ తరగతుల్లో జరిగినదానిని చెప్పుకోవడం, విశ్వవిద్యాలయ అధ్యాపకులు ఆ సంభాషణలో భాగం కావడం, ఆసక్తి ఉన్నవారికి టాటా సంస్థ నుంచి పీజీ సర్టిఫికెట్ కోర్సు అందడం రెండోది. విద్యార్థుల తప్పును దాచవలసిన విషయంగా కాక నేర్చుకునే దారిగా చూడాలన్న సూత్రం మాడ్యూళ్లలోనే ఉండడంతో ఉపాధ్యాయుడు తన తడబాటును కూడా గ్రూపులో చెప్పుకొనే వీలు కలిగింది. ఈ కార్యక్రమానికి యునెస్కో వారి కింగ్ హమద్ బహుమతి లభించింది. అయితే బయటి సంస్థ నడిపే పథకాలకు ఉండే బలహీనత దీనికీ ఉంది. పథకం గడువు ముగిసి మనుషులు వెళ్లిపోతే ల్యాబ్‌లోని సర్వర్‌ను చూసే దిక్కెవరన్న ప్రశ్న ప్రభుత్వ వ్యవస్థ వైపే తిరుగుతుంది.

ఆ ప్రశ్నకు దక్షిణాదిలోని మరో రాష్ట్రం కేరళ దగ్గర ఒక సమాధానం ఉంది. అక్కడ 2001లో మొదలై 2017లో కైట్ అనే ప్రభుత్వ సంస్థగా మారిన ఐటీ ఎట్ స్కూల్ పథకం శిక్షకులను బయటి నుంచి తెచ్చుకోలేదు, పనిచేస్తున్న ఉపాధ్యాయులనే మాస్టర్ ట్రైనర్లుగా తీర్చిదిద్దింది. ఉన్నత పాఠశాలలో ఒక ఉపాధ్యాయుడికి ఐటీ కోఆర్డినేటర్ బాధ్యత అప్పగించి, యంత్రం మొరాయించినా, సాఫ్ట్‌వేర్ అర్థం కాకపోయినా పిలిచే మనిషి బడిలోనే ఉండేలా చూసింది. ఉచిత సాఫ్ట్‌వేర్‌ను మలయాళంలో పనిచేసేలా మార్చుకోవడం వల్ల కంపెనీ ఒప్పందం ముగిసిన రోజున పాఠాలు మూతపడే ప్రమాదం లేకుండా పోయింది. 2018లో ప్రారంభించిన లిటిల్ కైట్స్ క్లబ్బుల ద్వారా విద్యార్థులు కూడా ల్యాబ్ నిర్వహణలో చెయ్యి వేస్తున్నారు. కేరళను ప్రతి విషయానికీ ఆదర్శంగా చూపడం తెలుగు విద్యా చర్చల్లో ఒక ఆచారంగా మారి విసుగు పుట్టిస్తున్న మాట నిజమే; అక్కడి బడుల పరిమాణం, స్థానిక సంస్థల బలం వేరు. అయినా సహాయకుణ్ని ఉపాధ్యాయులలోంచే తయారుచేసుకోవడానికి, అతనికి ఆ పనికి సమయం ఇవ్వడానికి వేరే రాష్ట్రపు పరిస్థితులు అవసరం లేదు.

తెలుగు రాష్ట్రాల్లో ఆ పాత్రకు దగ్గరగా ఉన్న మనుషులు ఇప్పటికే ఉన్నారు. క్లస్టర్ రిసోర్స్ పర్సన్లు బడులు తిరుగుతూనే ఉంటారు, కాంప్లెక్స్ సమావేశాల్లో సబ్జెక్టు ఉపాధ్యాయులు క్రమం తప్పక కలుస్తూనే ఉంటారు, పాత ఉమ్మడి జిల్లాల్లో ఉపాధ్యాయ శిక్షణ ఇచ్చే డైట్‌లు ఉన్నాయి, స్వయంగా పాఠాల వీడియోలు చేసి యూట్యూబ్‌లో పెట్టే ఉపాధ్యాయులు ప్రతి మండలంలో ఒకరిద్దరు కనిపిస్తారు. రిసోర్స్ పర్సన్ కాలం సమాచార సేకరణకు, పంపిణీ లెక్కలకు పోవడం, కాంప్లెక్స్ సమావేశం పైనుంచి వచ్చిన ప్రెజెంటేషన్‌ను చూసి సంతకాలు పెట్టడంతో ముగియడం వల్ల ఈ బలగం చెల్లాచెదురుగా ఉంది. అదే సమావేశంలో ఒక గంట కేటాయించి, గణిత ఉపాధ్యాయులు తమ తరగతుల క్విజ్ నివేదికలను ప్యానెల్ మీద తెరిచి, 0.6 దగ్గర పడిన టిక్కుల్లో ఎన్ని నమ్మదగినవో కలిసి తేల్చుకుంటే, తరవాతి సమావేశానికి ప్రతి ఒక్కరూ రెండేసి ప్రశ్నలు రాసి తెస్తే, ఏడాది తిరిగేసరికి ఆ కాంప్లెక్స్‌కు సొంత ప్రశ్నల నిధి తయారవుతుంది. దానికి కొత్త యాప్ అక్కరలేదు. నివేదికలోని అంకెలు చర్చ కోసమే గాని ఉపాధ్యాయుడి పనితీరు మీద తీర్పు కోసం కాదన్న హామీ మాత్రం రాతపూర్వకంగా ఉండాలి. లేకపోతే మొదటి సమావేశంలోనే అందరి తరగతులూ నూటికి నూరు తెచ్చుకుంటాయి.

ప్రధానోపాధ్యాయుల పాత్ర గురించి ఒక మాట చెప్పక తప్పదు. లాగిన్ వివరాలు బదిలీ అయి వెళ్లిన పాత ప్రధానోపాధ్యాయుడి ఫోన్ నంబరుతో ముడిపడి ఉండడం, పగిలిపోతే సంజాయిషీ ఇచ్చుకోవాలన్న భయంతో ట్యాబ్‌లను బీరువాలో పెట్టి తాళం వేయడం, ప్యానెల్ చెడిపోతే ఫిర్యాదు ఎవరికి చేయాలో తెలియకపోవడం వంటివి బోధనా సమస్యలు కావు గాని బోధనను ఆపేవి ఇవే. వస్తువు పాడైతే బాధ్యత వ్యక్తిదని రాసిన ఒక్క సర్క్యులర్ పది శిక్షణల ఫలితాన్ని తుడిచిపెట్టగలదు.

జాతీయ విద్యా విధానం 2020 ప్రకారం ప్రతి ఉపాధ్యాయుడూ ఏటా కనీసం 50 గంటలు వృత్తి నైపుణ్య వికాసానికి వెచ్చించాలి. ఆ గంటలను ప్రస్తుతం తేలికగా లెక్కపెట్టగలిగేది ఆన్‌లైన్ కోర్సుల సర్టిఫికెట్ల ద్వారానే, ఎందుకంటే వాటి మీద గంటలు అచ్చువేసి ఉంటాయి. ఇద్దరు ఉపాధ్యాయులు ఒకరి తరగతిలో ఒకరు కూర్చొని వేదికలో పాఠం నడిచిన తీరును చూసి మాట్లాడుకున్న గంటకు, కాంప్లెక్స్‌లో ప్రశ్నలు సరిదిద్దుకున్న గంటకు, అను ఫాంట్ నుంచి ప్రశ్నపత్రాన్ని తోటివారి కోసం యూనికోడ్‌లోకి మార్చి పెట్టిన గంటకు సర్టిఫికెట్ రాదు. ఈ గంటలను కూడా ఆ 50లో చేర్చడానికి కావలసినది రాష్ట్ర విద్యా పరిశోధన శిక్షణ మండలుల నుంచి ఒక ఉత్తర్వు, ప్రధానోపాధ్యాయుడు సంతకం చేసే ఒక సాదా రిజిస్టరు.